ఆల్డెన్ బుట్టలు

అది అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక చిన్న చేపల రేవు. పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుంటున్న మొగుణ్ణి చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"ఎక్కడికయ్యా? ఇవాళ ఆల్డెన్‌ని పూడ్చిపెడుతుంటే!"

"వాడి బుట్టల దగ్గరికి."

"పదకొండేళ్ళ కింద నువ్వు సముద్రంలో లాబ్‌స్టర్ రొయ్యలకేసిన బుట్టల తాళ్ళు కోసి అడుక్కి పోగొట్టాడని, చచ్చినవాడి తాళ్ళు కోస్తావా? సిగ్గులేదూ?"

"కొయ్యను. పైకి లాగి వాడి పెళ్ళానికిస్తా."

"పోయినవాడి బుట్టలు రేవంతా కలిసి తెచ్చిస్తారుగా. మధ్యలో నువ్వెందుకు?"

"ఎక్కడున్నాయో వాళ్ళకేం తెలుసు? ఈ పదకొండేళ్ళూ పొద్దున్నే లేచి, పొగమంచులో కూడా వాడి పడవ వెనకాల తిరిగింది నేనొక్కణ్ణే. మూడొందల ఇరవై బుట్టలూ నాకే తెలుసు."

"అయితే ఆ కత్తి ఇక్కడ పెట్టి వెళ్ళు."

అతను కత్తి తీసి బల్లమీద పెట్టాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"రేపట్నుంచి పొద్దున్నే దేనికి లేవాలే?"