రాణి అడిగిన మాటలు

మల్దకల్‌లో శ్రావణమాసం పురాణానికి మామ రాగం తీసి పద్యం చదివితే, మేనకోడలు దాని అర్థం మామూలు మాటల్లో చెబుతుంది. అక్కడ చదివే పాత కావ్యాన్నే బడిపిల్లల కోసం మామ సులువుగా తిరగరాశాడు. అచ్చుకు పంపబోయే ఆ కాగితాలు చదివేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“ఏంది మామా ఇది? రాణి సభల అడిగిన మాటలన్నీ ఏవి?”

“ఉన్నయ్ గద బిడ్డా. చూడు, ‘రాణి చాలా బాధపడింది.’”

“బాధపడిందా? తనను ఒక్క మాట అడగకుండ బిడ్డను పగోనికిచ్చి పెండ్లి చేస్తనంటే, నిండు సభల రాజునే నిలదీసింది ఆమె! నేను అది చెప్తుంటే ఆడోళ్లంత ముందుకు జరిగి కూసుంటరు.”

“ఆ పద్యాలు కఠినం. పిల్లలు పరేషాన్ అయితరు.”

“యుద్ధం పద్యాలు కఠినం గావా? ఏనుగులు, గుర్రాలు ఒక్కటి ఇడువకుండ రాస్తివి!”

“అవి చెప్పుడు నాకొస్తది. రాణి మాటలకు ఎప్పుడూ నువ్వే అర్థం చెప్తవ్. పుస్తకంల నువ్వుండవు గద, అందుకే తీసేసిన.”

“నన్ను ఒక్క మాట అడిగినవా? నేను ఈడనే ఉంటే, నీ అంతల నువ్వే ఎట్ల తేలుస్తవ్? పెద్దోనివైతే ఏది చేసినా చెల్లుతదా?”

మామ తల దించుకుని కలం తీశాడు.

“సరే తల్లీ. రాణి ఏమన్నదో పిల్లలకు సమజయ్యెటట్ల చెప్పు, రాస్త.”

“ఇప్పుడు నిన్ను అడిగిన గద, అదే రాయి.”