అమ్మ పేరున్న ఫోల్డర్

ఏడాది తర్వాత ఎదురుపడిన అన్నాచెల్లెళ్లు అన్న ఆఫీసు క్యాంటీన్‌లో మూల బల్ల దగ్గర కూర్చున్నారు.

"కోపంలో ఫోన్ చెయ్యొద్దన్నావు, సరే. మెయిల్‌కైనా జవాబివ్వాలిగా అన్నయ్యా?"

"నువ్వు రాస్తే కదా!"

"పాప పుట్టినప్పట్నుంచీ రాస్తూనే ఉన్నాను. అమ్మ పేరే పెట్టుకున్నాం. ప్రతి మెయిల్ పైనా దాని పేరే వేశాను."

"అమ్మ పేరా?"

"ఏం, పెట్టకూడదా?"

"అది కాదే. అమ్మ పోయాక కూడా ఆసుపత్రి వాళ్లు తన పేరుతో మెయిళ్లు పంపుతుంటే చూడలేక రూల్ పెట్టాను. ఆ పేరున్నవన్నీ నా కంటబడకుండా ఒక ఫోల్డర్‌లోకి పోతాయి."

"అందులో చూడు మరి."

"నీవి పంతొమ్మిది ఉన్నాయే. చివరిది కిందటి నెలది."

"దాంతో మొదలుపెట్టకు అన్నయ్యా. మొదట్నుంచి చదువు. మొదటి పన్నెండింట్లో పాప ఇంకా బాగానే ఉంది."