ఉప్పు చూడని కూర

— మామ్మా, నువ్వు తినవు కదా. మరి ఈ పెద్ద మాంసం వేపుడు అమ్మకి నువ్వే నేర్పావంట. నీకెవరు నేర్పారు? ఫోను ఇక్కడ పెడుతున్నాను, రికార్డవుతుంది. చెప్పు.

పెట్టుకో. స్టవ్వుకి దూరంగా పెట్టు, నూనె చిందుద్ది. నాకెవరు నేర్పుతారే? మా మామగారు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలు మూటగట్టుకొని ఓడెక్కి ఈ దీవిలో, ఈ హోప్ టౌన్‌లో దిగిన కాడ్నించీ ఈ ఇంట్లో ఉడికింది చేపే. చేప, రొయ్య, పండగైతే కోడి. బస్. ఏటేటా గంగమ్మకి మొక్కే ఇల్లు మాది. అలాంటి ఇంటికి... ఆగాగు, ఆ ముక్క అలగ కొయ్యకు. మాంసంలో గీతలు కనబడతన్నాయా, పీచులాగ? గీత వెంట కోస్తే తాడు నమిలినట్టుంటాది. గీతకి అడ్డంగా కొయ్యి. పల్చగా, ఇంకా పల్చగా. ఆఁ, అలగ.

ఏటి చెప్తన్నాను? మీ అమ్మ. నీకు తెలిసిందే గానీ, ఫోనులో వినేవాళ్ళకి తెలవదు కదా. మీ అమ్మ ఎస్తేరు మాయాబందర్ పిల్ల. కరెన్‌లు. బర్మా నుంచి ఎప్పుడో వచ్చి ఉండిపోయిన జనం, చర్చికెల్తారు. మీ నాన్నకి ఓడలో ఉద్యోగం, దీవి దీవికీ తిరిగే ఓడ. ఆ మాయాబందర్ జెట్టీ కాడే చూశాడు, చేసుకుంటానన్నాడు. మీ తాత రెండ్రోజులు మాటాడలేదు, మూడోనాడు కొత్త చొక్కా తొడుక్కొని పెళ్ళికెళ్ళాడు. ఆయనంతే. కోపం ఆటుపోటులాగ, ఎంత లేచినా దిగాల్సిందే.

పిల్ల బంగారం. నాకు తెలుగే, దానికి కరెన్ బాస, మజ్జిన హిందీ ఉంది కాబట్టి బతికిపోయాం. కానీ ఒకటే బాధ. ఏటి వొండి పెట్టినా "అచ్ఛా హై అమ్మా" అనేది. పులుసు పెడితే అచ్ఛా హై. ఎండుచేప పెడితే అచ్ఛా హై. ఒకపాలి పప్పు అడుగంటి మాడు కంపు కొడతంటే నేనే తినలేకపోయాను, అదీ అచ్ఛా హైయే. నవ్వుతావేటే? కొత్తకోడలు కదా మరి, ఏమంటాది? ఇంటికొచ్చిన చుట్టం కూడా అలాగే అంటాది. తొమ్మిది నెలలు అలగ చుట్టంలాగే ఉంది నా ఇంట్లో.

అప్పుడు నువ్వు పడ్డావు కడుపులో.

ఓలమ్మా, ఇంక చూస్కో! చేప వాసనంటే వాంతి. చేపలోళ్ళ ఇంట్లో చేప వాసన లేని చోటేది? గోడకి వాసన, వలకి వాసన, మీ తాత దుప్పటికి వాసన. పిల్ల మజ్జిగన్నం రెండు ముద్దలు తినేది, అరగంటలో అదీ బయటికి. చెంపలు లోపలికి పోయాయి. మీ నాన్న కార్‌నికోబార్ డ్యూటీలో ఉన్నాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. హార్బరు దాటించి ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ బరువు చూసి నా మీద అరిచింది. "అమ్మా, ఈ పిల్ల తినకపోతే లోపల బిడ్డ నిలవదు. ఏది ఇష్టమో అది పెట్టండి, ఏదైనా సరే" అంది. ఇంకో పక్క మాయాబందర్ నుంచి మీ అమ్మమ్మ కబురు, పిల్లని తీసుకెళ్ళిపోతానని. ఓడ ఎప్పుడో గానీ దొరకదు, ఆ రోడ్డు నీకు తెలుసు కదా, బస్సులో బండరాయి కూడా వాంతి చేసుకుంటాది. ఆ స్థితిలో పిల్ల ఆ బస్సెక్కితే నువ్వు దక్కవని నా భయం. పోనీ పంపకుండా పెట్టుకుంటే, తిండి లేదు. ఏటి చెయ్యాల?

అడిగాను. "ఏటి తినాలనుంది బేటీ?" అన్నాను. "కుచ్ నహీ అమ్మా, సబ్ అచ్ఛా హై" అంది. కళ్ళలో నీళ్ళు తిరగతన్నాయి, అచ్ఛా హై అంటంది!

కేబేజీ సన్నగా తరుగు. బీన్స్ ఏటవాలుగా. కేరట్ అగ్గిపుల్లల్లాగ. ఇప్పుడంటే బజారు నిండా ఉన్నాయి కూరగాయలు. అప్పట్లో మద్రాసు ఓడ రెండ్రోజులు లేటైతే బీన్స్ మొహం చూసేవాళ్ళం కాదు. చేప కంటే కేబేజీ ప్రియం, నమ్ముతావా? బుట్ట నిండా చేపలిచ్చి సగం కేబేజీ తెచ్చుకున్న రోజులున్నాయి.

అయితే ఒకనాడు మజ్జానం చూస్తే పిల్ల పెరట్లో గోడ కాడ నిలబడి ఉంది. ఊరికే. ఎండలో. గోడవతల ఆయిషా దీదీ వాళ్ళిల్లు, మలబారోళ్ళు. అవతల పెద్ద మాంసం వేగతంది. మీ అమ్మ కళ్ళు మూసుకొని ముక్కు పైకెత్తి, చర్చిలో నిలబడ్డట్టు నిలబడి ఉంది. నన్ను చూసి గతుక్కుమంది. అప్పుడు తెలిసింది నాకు. నేను అన్నిసార్లు అడిగినా ఇది నాకు చెప్పలేకపోయిందేటో.

ఆయిషా దీదీ గిన్నెతో పంపిస్తానంది, పాపం. మంచిది. పంపింది కూడా. కానీ అది కొబ్బరి ముక్కలేసి, మసాలా దట్టించి, నల్లగా చేస్తాది. ఆ ఘాటుకి మీ అమ్మ రెండు ముక్కలు తిని ఆపేసింది. మెల్లగా కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది, వాళ్ళమ్మ ఎలా చేస్తాదో. పల్చటి ముక్కలంట, కూరగాయలంట, నల్ల సాసంట, పెద్ద మంట మీద గిరగిర తిప్పి దించేస్తారంట, "పాంచ్ మినిట్ అమ్మా, బస్" అంది. ఆ మాట చెప్తన్నప్పుడు దాని మొహం చూడాల్సింది నువ్వు. నెల తర్వాత మనిషి కనబడింది ఆ మొహంలో.

ఇంక నేను ఊరుకుంటానా? నా కోడలు గోడవతల వాసన కోసం నిలబడాలా?

మీ తాత అరుగు మీద వల కుడతన్నాడు. వెళ్ళి చెప్పాను. "ఎస్తేరుకి పెద్ద మాంసం వొండుతాను" అన్నాను. ఆయన తలెత్తలేదు. సూది ఆగింది, అంతే. దారం కొరికి, "దేవుడి పొయ్యి మీద కాదు. వెనక షెడ్డులో వొండు" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "ఆ షెడ్డు పొయ్యికి మంట చాలదు, ఎండు కొబ్బరి మట్టలు కింద పెట్టుకో" అన్నాడు. చూశావా? వద్దనలేదు, మంట సంగతి చెప్పాడు!

మాంసం ఆయిషా దీదీ తెచ్చింది బాంబూఫ్లాట్ నుంచి. కొయ్యబోతే మెత్తగా జారిపోతంది కత్తి కింద. "కాసేపు ఐసులో పెట్టు దీదీ, గట్టిపడితే పల్చగా తెగుద్ది" అంది ఆవిడే. ఐసుకేం లోటు మనింట్లో? తీసుకెళ్ళి మీ తాత ఐసు పెట్టెలో పెట్టాను. ఆఁ! తెలిసిపోయిందా? చేపల పెట్టె! పొద్దున్నే అందులోంచి సూరలు తీసి అమ్మాం. గట్టిపడింది, పల్చగా తెగింది, అచ్చంగా కాగితంలాగ తెగింది. వొండి పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళి పిల్ల ముందు పెట్టాను. అది ఒక ముక్క నోటి కాడికి తెచ్చింది... ఒకటే పరుగు పెరట్లోకి. మాంసం నిండా చేప నీసే! నా ముక్కుకి తెలిస్తే కదా. పుట్టిన కాడ్నించీ అందులోనే ఉన్న ముక్కు ఇది.

మొహం కడుక్కొని వచ్చి, కొంగుతో మూతి తుడుచుకొని, నన్ను చూసి ఏమందో తెలుసా? "అచ్ఛా హై అమ్మా."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి తల్లీ.

— మామ్మా, తెలుసా, ఇది ఆహార స్వేచ్ఛ కోసం నువ్వు చేసిన పోరాటం. వంటగదిలో తిరుగుబాటు!

పోరాటమా? ఎవరి మీదే? వంటగదిలో కూడా కాదు, షెడ్డులో. మొన్న నువ్వు డెలానీపూర్‌లో మైకు పట్టుకొని "నా కంచంలో ఏముందని అడగడానికి నువ్వెవరు" అని అరిచావంట, మీ నాన్న చెప్పాడు. బాగా అరిచావంట, అటు జెట్టీ దాకా వినబడిందంట. అరిస్తే అరిచావు, అరవాల్సిందే. ఇప్పుడు బస్సులో పక్కోడి సంచి వాసన చూసే రకాలు ఎక్కువయ్యాయి. కానీ నేనేటంటానంటే, కంచంలో ఏటుందో అడగాలమ్మా. మీ అమ్మ కంచంలో ఏటి లేదో నేను అడగబట్టే కదా నువ్విలా మైకు పట్టుకున్నావు? అడగడంలో తీరుంటాది. కొట్టడానికి అడిగేవాడు వేరు, పెట్టడానికి అడిగేవాళ్ళు వేరు. రాసుకో, ఇదీ రాసుకో నీ పుస్తకంలో.

మూకుడు వేడెక్కిందా? పొగ రానీ. ముందు కూరగాయలు. మాంసం ముందేస్తే నీకే తిప్పలు. కూరలు తిప్పి, కరకరలాడతన్నప్పుడే తీసీ.

ఆ మర్నాడు మళ్ళీ మొదలెట్టాను. మళ్ళీ మాంసం, కొత్త ఐసు తెప్పించాను, స్టీలు క్యారేజీలో మాంసం పెట్టి మూత బిగించి, ఆ క్యారేజీ ఐసులో పెట్టాను. కత్తి కూడా మీ తాతది కాదు, కూరగాయల కత్తి. అల్లం, వెల్లుల్లి, మిరియాల పొడి, నల్ల సాసు పట్టించి పక్కన పెట్టాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఉప్పే! ఉప్పు ఎలా చూడాల? నేను నోట్లో పెట్టుకోలేను. ఆయిషా దీదీ పోర్ట్ బ్లెయిర్ పోయింది. మీ తాతని అడగ్గలనా? అప్పుడు ఆలోచన వచ్చింది. కూరగాయలు విడిగా వేపి, వాటి ఉప్పు నేను చూసి, తీసి పక్కన పెట్టుకుంటే సగం పని అయిపోద్ది కదా? అదే ఈ పద్ధతి. మీ అమ్మ పెద్ద వంటోళ్ళ పద్ధతనుకుంటాది. కాదు, తినని దాని తిప్పలు ఇవి!

మాంసంలో మాత్రం, ఆ సాసే ఉప్పగా ఉంటాదని కొట్టోడు చెప్పాడు, భయపడి ఉప్పు తగ్గించాను. ఇప్పుడెయ్యి మాంసం. ఒకేపాలి గుమ్మరించకు! నీరొదిలేసి ఉడికిపోద్ది. కొంచెం, కొంచెం. రంగు మారగానే తీసీ. నేను అలాగే చేశాను. అంతా అయ్యాక చెయ్యి అలవాటు కొద్దీ నాలుగు ఆవాలు, గుప్పెడు కరివేపాకు నూనెలో చిటపటలాడించి పైన వేశాను. ఎందుకేశానో నాకే తెలీదు. తాలింపు లేకుండా గిన్నె దించడం మా అమ్మ నేర్పలేదు.

అదే టైముకి మీ తాతతో వలకొచ్చే గౌరయ్య వీధిలోంచి వెళ్తా, "ఏటి బావా, షెడ్డులోంచి కొత్త వాసనొస్తంది? మతం మార్చేశావేటి?" అని వెటకారం ఆడాడు. మీ తాత వల కుడతానే, "నా కోడలికి తిండి బావా. వాసన నచ్చకపోతే గాలికి ఎదురెళ్ళకు, ఆ సందులోంచి ఎల్లు" అన్నాడు. నేను షెడ్డులో విన్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నాకు బంగారం కొనలేదు గానీ, ఆ మాట కొన్నాడు.

పళ్ళెం తీసుకెళ్ళాను. వేడన్నం, పక్కన వేపుడు. పిల్ల వాసన చూసింది. పరిగెత్తలేదు. ఒక ముక్క తింది. ఇంకో ముక్క తింది, బీన్స్‌తో కలిపి. నేను గుమ్మం కాడే నిలబడి చూస్తన్నాను. నమిలింది, నమిలింది, తలెత్తి నన్ను చూసి అంది కదా, "అమ్మా, నమక్ కమ్ హై."

ఉప్పు తక్కువంట!

నా ఇంట్లో, నా వంటకి, నా మొహం మీద వంక పెట్టింది! అన్నేళ్ళ నా కాపురంలో మా అత్తతో నేను ఒక్కపాలి అనలేకపోయిన మాట. పరిగెత్తాను ఉప్పు డబ్బా కోసం. కంగారులో సగం నేల మీద పోశాను. వెనక్కొచ్చేసరికి పళ్ళెం ఖాళీ. "ఇంకా ఉందా" అంది. ఉందా అంటావేటే పిచ్చిదానా, నీ కోసం షెడ్డంతా వొండుతాను అన్నాను. ఆ రోజు వాంతి లేదు. మర్నాడు లేదు. ఆ నెల డాక్టరమ్మ బరువు చూసి అరవలేదు, చిరునవ్వు నవ్వింది.

ఆ తర్వాత వారమే దిగింది మీ అమ్మమ్మ, పిల్లని తీసుకెళ్ళడానికి. ఫీనిక్స్ బే జెట్టీ కాడికి నేనే ఎదురెళ్ళాను. ఆవిడకి హిందీ అంతంత మాత్రం, నాకూ అంతే. ఇంటికి తెచ్చి అన్నం పెట్టి, మీ వంటే వొండానని గొప్పగా వేపుడు వడ్డించాను. ఆవిడ తింది. కరివేపాకు ఒకటి వేళ్ళతో పట్టుకొని ఎండలోకి ఎత్తి చూసింది. ఆవాలు చూసింది. కూతురి వంక చూసి, వాళ్ళ బాసలో ఏదో అంది, ఇద్దరూ పొట్ట పట్టుకొని ఒకటే నవ్వు. ఏటమ్మా అంటే, "మా అమ్మ ఇది మా కూరే కాదంటంది" అంది మీ అమ్మ. మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేటే అంటే, "ఇదే బాగుంది" అంది. ఆ మాట అచ్చ తెలుగులో అంది. మీ అమ్మమ్మ సంచి కూడా విప్పలేదు, మూడోనాడు ఒక్కతే ఓడెక్కింది. వెళ్తా వెళ్తా నా చేతులు రెండూ పట్టుకొని వాసన చూసింది. చేప వాసనే వచ్చుంటాది.

మీ అమ్మకి వాళ్ళమ్మ పద్ధతి వొచ్చు, చెయ్యగలదు. ఇప్పటికీ కరివేపాకే వేస్తాది. అడగలేదు నేను ఎందుకని. కొన్ని అడక్కూడదు కూడా.

దించీ, దించీ, చాలు. పళ్ళెంలో పెట్టుకో. మీ అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి దానికి కొంచెం ఉంచు. నువ్వు ఏ ఊరెళ్ళినా, ఏ జెండా పట్టుకున్నా, నీ మొహం చూసి నీ ఆకలి కనిపెట్టే మనిషి ఒకరు దొరకాల తల్లీ నీకు, అంతకంటే నేనేటి కోరుకుంటాను... ఆ ఫోను కట్టెయ్యవే ముందు. వేడి మీద తిను, చల్లారితే సాగుద్ది. కూర్చో. ఇలా కూర్చొని తిను...