కింద డొల్ల

"మేడ మీంచి దూకాను డాక్టరమ్మా! పిట్టగోడ జారిన పిల్లిని గాల్లోనే పట్టుకున్నాను. అప్పుడది పెట్టిన కేక వీధంతా విన్నది. ఈ కాలు నాకో లెక్కా? కట్టు కట్టి పంపించెయ్."

ఇళ్ళలో టైల్స్ పరిచే ఆ ముసలి మేస్త్రీ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రేని కిటికీ వెలుగులో పట్టుకుంది.

"కట్టు కడితే ఎముక అతుక్కుంటుంది తాతా. కానీ మోకాలి కింద ఎముక పైభాగం ఓ పక్కకి కుంగింది. అలాగే అతుక్కుంటే కాలు వంకరపోవచ్చు."

"పోనీ. కత్తి మాత్రం పెట్టనివ్వను."

"ఆపరేషన్ చేస్తే కుంగినదాన్ని పైకి లేపి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తాం. మోకాలు త్వరగా మడవొచ్చు. కాలు మోపడానికి నెలలు పడుతుంది. చీము పట్టే భయమూ కొంత ఉంది."

"చూశావా! నా ఒంట్లో స్క్రూ దిగదు."

"మరి గొంతుక్కూర్చోలేకపోతే టైల్స్ ఎలా పరుస్తారు?"

ఆయన వేలితో మంచం పట్టీని టకటకా కొట్టాడు.

"కుంగినచోట కింద డొల్లా?"

"లోపలి ఎముక నలిగింది. పైకి లేపితే కింద డొల్లే."

"ఆ మాట ముందే చెప్పొద్దూ! డొల్లగా మోగే టైలుని లేపి కింద నింపకుండా, పైన సిమెంటు పూసేవాణ్ణి నేనే తరిమేవాణ్ణి. లేపు, నింపు. కానీ నేను మళ్ళీ గొంతుక్కూర్చుని తీరతాను. కుదరదన్నావో, నీ గదిలో టైల్స్ పీకేస్తాను!"

"మాట ఇవ్వలేను, గట్టిగా ప్రయత్నిద్దాం. ఇంతకీ ఏ మేడ తాతా?"

"మేడా లేదు, గోడా లేదు. నేను పరిచిన టైల్స్ మీదే సబ్బునీళ్ళకి జారాను."

"పిల్లి?"

"అది నా కల్పన. కేక మాత్రం నిజమేనమ్మా. పెట్టింది నేను."