తుఫానుకు దారి చెప్పిన కిటికీ

ఉద్యోగం మానేస్తానని మేనల్లుడు ముందు రోజు వాళ్ళమ్మతో చెప్పాడు. ఆవిడకి చెప్పడమంటే ఆవిడ తమ్ముడి చెవిలో వేసినట్టే. అయినా పొద్దున్నుంచీ విచారణ కిటికీ వెనక ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నా మేనమామ ఆ ఊసెత్తలేదు. మధ్యాహ్నం టీ వేళకి కిటికీకి 'ఇప్పుడే వస్తాం' అన్న అట్టముక్క తగిలించి, మేనల్లుడి భుజం మీద చెయ్యి వేసి గేటు బయట టీ కొట్టుకి నడిపించాడు. గేటు దగ్గర ఏ కాలంలోనూ ఎండని నీటిగుంట ఒకటి ఉంది. ఇద్దరూ దాన్ని చూడకుండానే దాటారు. ఆ ఆఫీసులో పనిచేసేవాళ్ళ కాళ్ళకి అది అలవాటే.

ఆ కిటికీ పని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. వచ్చినవాళ్ళకి ఏ గదికి వెళ్ళాలో చెప్పడం. నిజానికి ఆ పని తలుపుల మీది అంకెలే చెయ్యాలి. కానీ కిందటేడు భవనానికి రంగులు వేసినప్పుడు, తూర్పు మెట్ల దగ్గర మొదలుపెట్టాల్సిన అంకెల్ని పెయింటరు పడమటి మెట్ల దగ్గర మొదలుపెట్టి చివరిదాకా వేసుకుపోయాడు. అప్పట్నుంచీ కాగితం మీద ఒక అంకె, తలుపు మీద ఇంకో అంకె. సరిచెయ్యాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే గది ఏదో ఇంకా ఎవరికీ తేలలేదు.

బోర్డు చెయ్యాల్సిన పని మనిషి చేస్తున్నాడంటే మనిషి బోర్డు అయిపోయినట్టే కదా అని మేనల్లుడి బాధ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడ కాదు పైన, పైన కాదు వెనక అనడం, ఇంటికెళ్ళి పడుకోవడం, మర్నాడు మళ్ళీ అదే అనడం. ఈ చదువు ఇందుకా చదివింది? సాయంత్రం ఆఫీసు వదిలేలోపు ఆఫీసరు గదికి వెళ్ళి రేపట్నుంచి రానని చెప్పెయ్యాలి. నిర్ణయం అయిపోయింది. మధ్యలో ఈ టీ ఒక్కటే మిగిలింది.

కొట్టు బల్ల మీద లెక్కల గుమాస్తా అప్పటికే కూర్చుని ఉన్నాడు. మేనమామ ఎదురుపడితే ఆయన టీ మెల్లగా తాగుతాడు, కథ మధ్యలో గ్లాసు ఖాళీ కాకుండా. మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్ళు గడప దాటవన్న సామెత ఈ మనిషిని చూసే పుట్టి ఉంటుందని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని దాచుకునే అలవాటు ఆయనకి లేదు.

"మానేస్తావట," అన్నాడు మేనమామ గ్లాసు అందుకుంటూ. "మానెయ్. నేనేం అడ్డుపడను. కానీ నువ్వు వదిలేస్తున్న కిటికీ ఎలాంటిదో తెలుసుకుని మరీ వదిలెయ్, అల్లుడూ. తెలియక వదిలేస్తే తర్వాత నన్నే తిడతావ్."

మేనల్లుడు టీ మీద మీగడ ఊదుకున్నాడు. వద్దన్నా ఆగే మనిషి కాదని వాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

"నేను చేరిన కొత్తల్లో నాకూ నీలాగే విసుగు. బోర్డుకీ నాకూ తేడా ఏమిటని నేనూ అనుకున్నాను. అప్పుడు ఒక పద్ధతి కనిపెట్టాను. మొహాలు చూడను, చెప్పులు చూస్తాను. మడమ వైపు అరిగిపోయాయా, పెన్షన్ గది, తిరిగి తిరిగి అరిగినవి. ఎర్రమట్టి అంటిందా, భూముల గది. కొత్త చెప్పులు కరుస్తున్నాయా, కుంటుతున్నాడా, పెళ్ళి నమోదు గది. మనిషి నోరు తెరవకముందే గది చెప్పేవాణ్ణి. నమస్కారం పెట్టి పోయేవాళ్ళు. ఇదేం గొప్ప కాదు, ఎవరైనా చెయ్యొచ్చు."

ఇంతవరకూ నమ్మొచ్చని గుమాస్తా తలూపాడు. ఆ ఊపే ఆయన చేసిన తప్పు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక జంట వచ్చింది. విడిపోవాలట, కాగితాలు ఏ గదిలో ఇస్తారని ఇద్దరూ ఒకేసారి అడిగారు, అదొక్కటే వాళ్ళిద్దరికీ కలిసిన మాట. దగ్గర దారి ఉంది. నేను చెప్పలేదు. వెనక మెట్లు ఎక్కి, ఆ ఇరుకు వరండా ఉంది చూడు, ఇద్దరు పక్కపక్కన నడవాలంటే భుజాలు తగలాల్సిందే, దాంట్లోంచి ఆ చివరికి వెళ్ళి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కమన్నాను. సాయంత్రానికి చెయ్యి చెయ్యి పట్టుకుని దిగొచ్చారు. ఎందుకొచ్చారో మర్చిపోయారు. వాళ్ళ పాప ఇప్పుడు బడికెళ్తోంది."

"పొద్దున ఎక్కి సాయంత్రం దిగారా? మధ్యలో భోజనం?" అంది టీ కొట్టు ఆవిడ. వ్యాపారం చేసేవాళ్ళకి అలాంటి సందేహాలే ముందు వస్తాయి.

"ప్రేమలో పడ్డవాళ్ళకి భోజనం ఏమిటి చెల్లెమ్మా," అని మేనమామ ఆ అడ్డాన్ని దాటేశాడు.

తర్వాత కొత్త ఆఫీసరు వంతు. చెయ్యి కడుక్కుందామని గదిలోంచి బయటికొచ్చిన ఆఫీసరు తిరిగి తన గది తను పోల్చుకోలేక, మొహమాటపడి ఎవర్నీ అడగలేక, మూడు అంతస్తులూ తిరిగి చివరికి మామూలు జనంతో పాటు వరుసలో నిలబడి, తన గది ఏదని ఈ కిటికీ దగ్గరే అడిగాడట. ఆ రోజు నుంచి మేనమామతో చెప్పకుండా ఆయన కుర్చీలోంచి లేవడట. ఆ తర్వాత కొంగలొచ్చాయట. చలికాలంలో దక్షిణానికి పోయే గుంపు, పొగమంచులో దారి తప్పి కిటికీ కమ్మీల మీద వాలాయట.

"ఏ భాషలో అడిగాయి గురువుగారూ?" అన్నాడు గుమాస్తా.

"భాషతో పనేముందయ్యా. అడగడానికి వచ్చినవాడు ఎవడైనా కిటికీలోకి మెడ చాపుతాడు. కొంగ ఇంకొంచెం ఎక్కువ చాపుతుంది. అంతేగా తేడా."

మేనల్లుడికి నవ్వొచ్చింది. రాకూడదనుకున్నాడు గానీ టీ పొలమారింది.

అది చూసి మేనమామ గొంతు ఇంకో అంతస్తు ఎక్కింది. "ఇక నది సంగతి విను. వానాకాలం. దారి తప్పిన వరద గేటులోంచి లోపలికొచ్చింది, మెట్లెక్కింది, నా కిటికీ దగ్గరికొచ్చి సముద్రానికి ఎటు పోవాలంది. నేను తలెత్తలేదు. వరుసలో రమ్మన్నాను. నీ ముందు ఒక పెద్దాయన ఉన్నాడు, ముందు ఆయన పని, తర్వాతే నీ పని అన్నాను. ఎంత నదికైనా వరుస వరుసేనయ్యా. బుద్ధిగా వెనక్కి వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. నమ్మరా? ఆ గుంట ఏమిటనుకున్నారు మరి? నది నిలబడ్డ చోటే అది."

ముగ్గురూ తలలు తిప్పి గుంట వంక చూశారు. సాక్ష్యం ఎదురుగా ఉన్నాక ఎవరేమంటారు.

"ఇలాంటి మాట ఊరంతా పాకుతుంది కదా. తుఫాను దాకా వెళ్ళింది. ఒక రోజు సరిగ్గా ఇదే వేళకి వచ్చింది. ఆకాశం నల్లగా, రేకులు లేచిపోతున్నాయి, ఫైళ్ళు గాల్లో ఎగురుతున్నాయి, అందరూ బల్లల కింద దూరారు. ఈ లెక్కలాయన కూడా దూరాడు, చెప్పుకోడు గానీ. తుఫాను తిన్నగా కిటికీలోకి మొహం పెట్టి, ఎటు పోవాలో చెప్పమంది. నేను అట్టముక్క తగిలించాను. 'టీ వేళయింది, తర్వాత రా' అన్నాను. కాసేపు గుండ్రంగా తిరిగింది. ఈ ఆఫీసుకొచ్చినవాళ్ళెవరైనా గుండ్రంగానేగా తిరిగేది. తిరిగి తిరిగి నీరసించి, మెట్ల మీద కూర్చుని, చల్లగాలై వెళ్ళిపోయింది. ఊరు ఊరంతా నిలబడిందంటే ఈ కిటికీ వల్లే. ఆ కిటికీలో కూర్చుని నువ్వు బోర్డునంటావా?"

"తర్వాత రమ్మన్నావుగా. మళ్ళీ రాలేదా?" అన్నాడు మేనల్లుడు.

"నా ఎదుటికా? రావాలంటే దానికి గుండె ఉండాలి."

టీ కొట్టు ఆవిడ వీధి వంక చూస్తూ గిన్నె దించింది. "వచ్చేసింది చూసుకో అన్నా," అంది.

గుంట పక్కనుంచి మేనమామ భార్య వస్తోంది. చెమటకి నుదుటి మీద జుట్టు అంటుకుపోయింది, చేతిలో కళ్ళద్దాల డబ్బా ఉంది. మేనమామ గ్లాసు కింద పెట్టి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఇంకొంచెం చిన్నవాడయ్యాడు.

ఆవిడ అరవలేదు. అరిస్తే ఆయనకి తేలికయ్యేది. కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయారని తీసుకొచ్చాననీ, కిటికీ వెనక ఎవరూ లేకపోతే ఆఫీసరు గదిలో అడుగుదామని తలుపుల మీది మీ అంకెలు నమ్మి వెళితే చీపుర్లు పెట్టే గదిలో తేలాననీ, వెనక మెట్లు ఎక్కి ఇరుకు వరండాలోంచి అటు చివరికి వెళ్ళి మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కాననీ చెప్పింది.

"మరి ప్రేమ పుట్టిందా అమ్మా?" అన్నాడు గుమాస్తా.

ఆవిడకి అర్థం కాలేదు. భర్త వంక చూసింది, అర్థమైంది. "అద్దాలు లేకుండా పొద్దున్నుంచీ ఎవరి చెప్పులు చూశారండీ?" అంది. చెప్పుల కథ ఆ ఇంట్లో చాలా పాతదని మేనల్లుడికి అప్పుడు తెలిసింది.

మేనమామ డబ్బా తెరిచి అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడవాల్సినంత మురికి వాటికి లేదు.

ఆవిడ మేనల్లుడి వైపు తిరిగింది. "నువ్వు తొందరగా పద నాన్నా. కిటికీ దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నాడు. నిన్న నువ్వు ఆయన్ని గది దాకా తీసుకెళ్ళావట కదా. ఆ గదివాళ్ళు ఇంకో గదికి పొమ్మన్నారట. ఎవరు చెప్పినా కదలడం లేదు. మా ఆయన వస్తాడు, అడుగుదురుగానీ అంటే ఏమన్నాడో తెలుసా? 'ఆయనొద్దమ్మా, ఆయన కథ చెప్తాడు. ఆ అబ్బాయి దారి చెప్తాడు' అన్నాడు."

గుమాస్తా గ్లాసు అప్పటికి ఖాళీ అయింది. పగలబడి నవ్వాడు. టీ కొట్టు ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది.

మేనల్లుడు నవ్వలేదు. నిన్నటి పెద్దాయన్ని గుర్తు చేసుకుంటున్నాడు. దారి చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఆయన మూడుసార్లు చెప్పించుకుని, తల ఊపి, తప్పు వైపుకే తిరిగాడు. చూస్తూ కూర్చోలేక లేచి వెంట వెళ్ళాడు, అంతే. ఆయన మెట్ల మీద వాడి మోచెయ్యి పట్టుకుని ఎక్కాడు. వాడు సాయంత్రానికి మర్చిపోయిన సంగతి అది. ఆయన మర్చిపోకుండా వచ్చి కూర్చున్నాడు.

వాడు లేచాడు. గ్లాసులో సగం టీ ఉండిపోయింది.

"ఎక్కడికి, ఆఫీసరు గదికేనా?" అన్నాడు మేనమామ. అద్దాలు పెట్టుకున్నాడు గానీ పైకి చూడలేదు. అంతసేపట్లో కోతలు లేకుండా ఆయన అడిగిన మాట అదొక్కటే.

"ఆ టీ మూతపెట్టి ఉంచక్కా," అన్నాడు మేనల్లుడు టీ కొట్టు ఆవిడతో.

గేటు దగ్గర వాడి కాళ్ళు అలవాటుగా గుంట దాటబోయి ఆగాయి. మేనమామ అద్దాల్లోంచి చూస్తూనే ఉన్నాడు. వాడు వంగి, నీళ్ళతో ఏదో అని, దాటి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడు?" అంది భార్య.

గుంటకి దగ్గరగా కూర్చున్నది గుమాస్తా. ఆయనకి వినిపించింది.

"నీ పని తర్వాత, ముందు పెద్దాయన పని అన్నాడు."