మొగులు పాటకు ఓనరు

నేను కోతలు చిన్నగానే మొదలుపెట్టాను. ఆ ఒక్క మాట మాత్రం నమ్మండి.

సాయంత్రం నాలుగు గంటలు. రాయదుర్గంలో మా ఆఫీసు వెనక గేటు పక్కన రాజమ్మ టీ బండి. డ్యూటీ దిగిన సెక్యూరిటీ కిష్టయ్య, మా టీములో పనిచేసే ఉదయ్ భాస్కర్, మా ఆరో అంతస్తు తుడిచే ఈరమ్మ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఈరమ్మకి ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. "కిరణమ్మా, నీతోటి ఒక మాట" అంటూ నా పక్కకి జరిగింది. నేను ఆ మాట రానివ్వలేదు.

ఎందుకంటే "మొగులా జరంత నిలువు, వంచిన నడుము ఎత్తనియ్యి" అనే పాట ఈరమ్మ వాళ్ళది. మొగులంటే మబ్బు. వాళ్ళమ్మ నాట్లేస్తూ వాన మబ్బుతో మొరపెట్టుకుంటూ కట్టుకున్న పాటట. పాంట్రీలో కప్పులు కడుగుతూ ఈరమ్మ పాడుతుంటే నేను ఫోన్లో పట్టుకున్నాను. నేనూ పాడుకోనా అంటే "పాడుకో బిడ్డా, పాట అరుగుతదా" అంది. నేనడిగింది అంతే, ఆమె ఇచ్చిందీ అంతే. తర్వాత నేను పాడి రికార్డు చేసి పాటని నెట్లో వదిలేటప్పుడు ఫారంలో "రచన" అన్న గడిలో నా పేరు కొట్టాను. ఆ సంగతి ఈరమ్మకి తెలియదు. ఆమె చేతిలో ఫోను చూడగానే తెలిసిపోయిందేమో అనుకున్నాను. నాకు భయమేస్తే మాటలు ఎక్కువవుతాయి.

"ఉదయ్, నీకు చెప్పలేదు కదూ, ఆ పాట ఎట్లా రికార్డు చేశామో" అని అందుకున్నాను. "మూసాపేటలో బాలు అని ఒకడున్నాడు, పడగ్గదినే స్టూడియో చేసుకున్నాడు. గోడలకి బొంతలు కట్టి, ఫ్యాను ఆపేసి, కుక్కరు కూత పడుతుందని వాళ్ళమ్మని వంటింట్లోకి పోనివ్వకుండా కూర్చోబెట్టి, మొత్తానికి మొదలుపెట్టాం. ఒక్క టేకు. ఒక్కటే! పాట అయ్యాక చూద్దును కదా, బాలు చెవుల మీది హెడ్‌ఫోన్సు తీసి పిండుతున్నాడు. కన్నీళ్ళు!"

"చెమటేమో," అన్నాడు ఉదయ్. "ఫ్యాను ఆపేశారంటున్నావుగా."

నిజానికి పదిహేడు టేకులు. అక్కడితో ఆగి, ఏంటి ఈరమ్మా అని అడిగి ఉండాల్సింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగున్నర నిమిషాల పాట ఈ రోజుల్లో ఎవడు వింటాడు, రీలుకి ముప్పై సెకన్లు చాలు, మొదటి మూడు సెకన్లలోనే చూసేవాడి బొటనవేలు ఆగాలి అన్నాడు బాలు. సరేనని ముప్పై సెకన్లు కోసి పెట్టాం. బొటనవేళ్ళు ఆగాయి. ఆగడమంటే ఇట్లా అట్లా కాదు రాజమ్మా, పట్టేశాయి! ఫోను మీద పెట్టిన వేలు పెట్టినట్టే. కూకట్‌పల్లిలో బొటనవేళ్ళ డాక్టరు దగ్గర క్యూ మెట్రో స్టేషను మెట్ల దాకా వచ్చింది."

"బొటనేలుకు ఏరే డాక్టరుంటడా?" అన్నాడు కిష్టయ్య.

"అప్పటిదాకా లేడు కిష్టయ్యా. నా పాట వచ్చాకే వచ్చాడు."

రాజమ్మ గరిటె వదిలేసి నవ్వింది. ఈరమ్మా నవ్వింది, ఫోను అద్దాన్ని కొంగుతో తుడుచుకుంటూ. "కిరణమ్మా..." అని మళ్ళీ ఎత్తుకోబోయింది. నేను గొంతు పెంచాను.

"మన బిల్డింగు సంగతి చెప్తా ఉండు. నాలుగు లిఫ్టులూ ఆరో అంతస్తు దగ్గరే ఆగిపోయేవి. పాట అయ్యేదాకా తలుపులు తెరుచుకునేవి కావు. పొద్దున మీటింగులో మేనేజరు ఆ పాట పెట్టాడా, మన సాఫ్ట్‌వేరులో తొమ్మిది నెలలుగా ఎవరికీ దొరకని బగ్గు దానంతటదే బయటికొచ్చి దణ్ణం పెట్టి లొంగిపోయింది."

"ఆ బగ్గు ఇంకా ఉంది. నీ పేరు మీదే ఉంది," అన్నాడు ఉదయ్.

"అది దాని చెల్లెలు. అడ్డు రాకు. అసలు కథ మబ్బుది. నేను మొగులా జరంత నిలువు అన్నానా, దుర్గం చెరువు మీదికొచ్చిన మబ్బు నిలబడిపోయింది. ఒక పూట కాదు, మూడు రోజులు! అవతల రైతులు వానకోసం చూస్తుంటే, ఇదేమో ఇక్కడ కేబుల్ బ్రిడ్జి తీగలు పట్టుకుని వేలాడుతోంది. చివరికి వాతావరణం ఆఫీసు వాళ్ళు నాకే ఫోను చేశారు. అమ్మా, ఆ రెండో చరణం కూడా పాడి పుణ్యం కట్టుకోండి, దీన్ని ఎట్లాగోలా పంపించేద్దాం అని."

"మొగులు ఆగిందా? మొన్న గీ గేటుకాడ్నే నేను తడిసి ముద్దయిన గదనే అమ్మా!"

"అది వాన కాదు కిష్టయ్యా. మబ్బు ఏడ్చింది."

"మా అమ్మ ఉండి ఇంటె ఎంత సంబురపడునో," అంది ఈరమ్మ.

ఆ మాటకి నా నోరు తడబడాలి. తడబడలేదు. ఇంకాస్త వేగం అందుకుంది.

"ఇంకా విను ఈరమ్మా. ఝల్లు మ్యూజిక్ అని పెద్ద కంపెనీ. వాళ్ళ పెద్దలు పన్నెండు మంది కేపీహెచ్‌బీలో మా ఇంటికొచ్చారు. చెప్పులు రోడ్డు మీదే విప్పేసి, లిఫ్టెక్కితే అమర్యాదని ఐదంతస్తులూ మెట్లెక్కి వచ్చారు. నేను పళ్ళు తోముకుంటున్నా, ఆగమన్నా, ఆగారు. సంతకం పెట్టగానే నా గొంతుని యంత్రానికి నేర్పి జపాను భాషలో పాడించేశారు. అక్కడొక ముసలాయన అది విని, తెలుగు నేర్చుకుని, ఇప్పుడు నాకే ఉత్తరాలు రాసి నా ఉచ్చారణలో తప్పులు దిద్దుతున్నాడు."

"టీ సల్లారుతాంది, జర తాగి చెప్పరాదమ్మా," అంది రాజమ్మ.

మా ఇంటికి ఎవరూ రాలేదు. ఒక మెయిలు వచ్చింది. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి మారేలోపు ఇరవై రెండు పేజీలు వేలితో పైకి తోసేసి, చివర్న ఒప్పుకుంటున్నాను అని ఉంటే నొక్కాను. అదే పాట ఇంకెవరు పెట్టినా యంత్రం పసిగట్టి తీసేస్తుందన్న ముక్క పదకొండో పేజీలో ఉంది. అది తర్వాత చదివాను. చదివి ఊరుకున్నాను.

"ఇప్పుడు నా సంగతి ఏంటంటే ఉదయ్, ఒక్క ఫోను! నేనొక్క ఫోను కొడితే చాలు, ఏ పాటైనా పైకి పోతుంది, ఏ పాటైనా కిందికి దిగుతుంది. దేశంలో పాటలన్నీ నన్నడిగే..."

"గదే బిడ్డా!" ఈరమ్మ గ్లాసు బండి మీద పెట్టేసింది. "గదే అడుగుదామని ఇందాకటి సంది నిలవడ్డ. ఆ ఒక్క ఫోను జర నాకోసం కొడ్తవా?"

నేను ఊపిరి తీసుకునేలోపే చెప్పేసింది. బాచుపల్లి కాలేజీలో చదివే ఆమె కూతురు మమత, అమ్మ పాడుతుంటే వీడియో తీసి నెట్లో పెట్టిందట. "ఊర్లె మా పెద్దక్కకు కండ్లు కనవడవు. రోజు మనుమనితోటి పెట్టిచ్చుకొని ఇనేది. అచ్చం అమ్మ గొంతు లెక్కనే ఉన్నది చెల్లే అని ఏడ్సింది. మొన్నటి సంది అది వస్తలేదు. మమత ఫోను కరాబై అసలుది గూడ పోయింది. ఎవరో ఓనరు తీసేయించిండంట. ఇగో, ఇంగ్లీషుల రాసున్నది. నీకు పెద్దపెద్దోళ్లు ఎరుకేనాయె. మా అక్క కోసమని జర ఆ ఓనరుకు చెప్పు బిడ్డా."

ఫోను అందుకోబోయాను. ఉదయ్ ముందే అందుకున్నాడు.

"హక్కులు ఝల్లు మ్యూజిక్‌వి," అని చదివాడు. కింద ఇంకో లైనుంది. అది చదివే ముందు నా మొహంలోకి చూశాడు. "రచన, కిరణ్మయి."

రాజమ్మ స్టవ్వు తగ్గించింది.

"రచన అంటె?" అంది ఈరమ్మ.

"పాట రాసినవాళ్ళు ఈరమ్మా," అన్నాడు ఉదయ్.

"కొట్టమ్మా మరి," అన్నాడు కిష్టయ్య. మొహంలో నవ్వు లేదు. "ఒక్క ఫోను చాలంటివి గద. ఓనరు గీడ్నే ఉన్నది. నీకు నువ్వే కొట్టుకో."

నా దగ్గర ఆ కంపెనీలో ఒక్క మనిషి నంబరు లేదు. ఫిర్యాదులకని ఒక మెయిలు అడ్రసుంది, అంతే. ఆ మాటే చెప్పాను, గ్లాసులోకి చూస్తూ.

ఈరమ్మ కిష్టయ్య మీదికి కసిరింది. "ఊకో అన్నా! మా అమ్మకు రాసుడు రాకపాయె. రాసుడు వచ్చినామె పేరు ఆ కంపెనోళ్లే రాసుకున్నరు. పోరి ఏం జేస్తది?"

"వాళ్ళు కాదు. ఆ పేరు నేనే రాశాను ఈరమ్మా."

ఆమె నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మార్పిస్తా," అన్నాను. "ఇప్పుడే మెయిలు పెడతా. మీ అమ్మ పేరు చెప్పు."

ఇన్నాళ్ళూ ఆ పేరు నేను అడగనే లేదని అప్పుడు తెలిసింది.

"నర్సవ్వ," అంది. నేను ఫోను తీసి కొట్టడం మొదలుపెట్టాను. మొదటి అక్షరం పడిందో లేదో, తడి చెయ్యి వచ్చి నా వేళ్ళ మీద పడింది.

"జర ఆగు. మా అమ్మ పేరు పెట్టినంక ఇంకెవరన్న ఆ పాట పాడి పెడితె, అది మల్ల తీసేస్తరా?"

నేను ఉదయ్ వైపు చూశాను. ఉదయ్ అన్నాడు, "ఒప్పందం అట్లాగే ఉంటుంది ఈరమ్మా. పేరొక్కటే మారుతుంది."

"అయితె వద్దు. నాట్లల్ల నలబై మంది ఆడోళ్లకు నేర్పింది మా అమ్మ. వాళ్ల బిడ్డలు, మనుమరాండ్లు పాడుతుంటె నర్సవ్వ వచ్చి నోరు మూసిందని పేరు రావద్దు. నీ పేరే ఉండనియ్యి."

కోపంగా అనలేదు. వద్దనుకున్న సామాను ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పింది. ఉదయ్ దగ్గర ఫోను తీసుకుని, ఐదో అంతస్తు కూడా తుడిచేది ఉందంటూ గేటు లోపలికి వెళ్ళిపోయింది. రాజమ్మ నా గ్లాసు తీసుకుని మీగడ కట్టిన టీ పారబోసింది. ఇంకోటి పొయ్యనా అని అడగలేదు.

కంపెనీకి నాలుగు మెయిళ్ళు పెట్టాను. ఒప్పందం రద్దు చెయ్యమని రెండు, ఈరమ్మ వీడియో వదలమని ఒకటి, రచన దగ్గర నా పేరు తీసెయ్యమని ఒకటి. చివరిదానికే జవాబొచ్చింది. పేరు మార్చవచ్చు, కింది గడిలో కొత్త పేరు రాసి పంపండి, ఖాళీగా వదలడానికి మాత్రం వీలు లేదు అని.

ఆ గడి ఇప్పటికీ నా ఫోన్లో తెరిచే ఉంది. అందులో పెట్టడానికి నా దగ్గర నా పేరు తప్ప ఇంకో పేరు లేదు.