హంపమ్మ నోట తెలుగు

వన్నూరమ్మని ఒకామె ఉండేదంట. హగరి ఏటికి ఈ పక్క కొండ్లపల్లెలో పుట్టి, ఆ పక్క ముద్దనగేరికి కోడలుగా పోయింది. తెలుగు తప్ప ఇంగో మాట రాదు. మొగుడు ఎర్రిస్వామికి రెండు బాసలూ వొస్తాయి. అత్త హంపమ్మ ఉందే, ఆమెది వొట్టి కన్నడము. ఎవురన్నా తెలుగులో పలకరిస్తే ‘గొత్తిల్ల, గొత్తిల్ల’ అనేదంట, తెలీదు తెలీదు అని. కోడలికి అది బలే కలిసొచ్చిందనుకో. పొద్దున్నే ఎనుము కింద కూచుని పాలు పిండతా, అత్తని ఎదురుగా పెట్టుకునే తిట్టేది. ‘నోట్లో పన్ను లేదు గానీ నా రొట్టెకి వంక పెడతాది ముసిలిగద్ద’ అనేది. హంపమ్మ వక్కాకు నములుకుంటా ఏమీ ఎరగనట్ల కూచుండేది. ఈ కత ఇంటా నవ్వుతాండావు గానీ పాపా, మీ అత్తకి ఏమేం తెలుసో నీకు తెలుసా?

అట్లా ఉండంగా ఏమైందంటే, తెలుగు మాట్లాడే ఊర్లన్నీ ఒక రాష్ట్రము, కన్నడము మాట్లాడే ఊర్లన్నీ ఇంగో రాష్ట్రము చేస్తారని పుకారు లేసింది. వేరే రాష్ట్రమంటే వేరే దేశమే, ఏటికి అడ్డంగా కంప నాటి పోలీసోళ్లని నిలబెడతారని ఎవురో అన్న్యారంట. వన్నూరమ్మ ఆ మాట నిజమే అనుకునింది. అవతల తల్లి ఒంటిగా ఉంది, కండ్లు సరిగ్గా అగపడవు. ఎనుము డొక్కకి తల ఆనించి, ‘ఇంగ మాయమ్మని ఎట్ల జూసేదే, అమ్మా అని పిలిస్తే పలికేదానికి నాకింగెవురున్నారే’ అని ఏడిసింది. ఎనుమేం జెప్తాది, పాపము. తోక ఆడించింది.

కొన్నాళ్లకి సర్కారు ఆఫీసరొకాయన ఇల్లిల్లూ అడుగుతా వొచ్చినాడు. ఆయన ఎనకాలే ఊరి పెద్ద గౌడప్ప. కన్నడమని చెప్పండి, మన ఊరు మనకుండాల అని అందరికీ ముందే చెప్పి పెట్టినాడు. ఎర్రిస్వామి చేనికి పోయినాడు, ఇంట్లో ఆడోళ్లిద్దరే. మీ ఇంట్లో ఏ బాస మాట్లాడతారమ్మా అని ఆఫీసరు కోడల్ని అడిగినాడు. తెలుగంటే అత్తకి కోపము, కన్నడమంటే అమ్మ దూరము. ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. అప్పుడు గడప మీంద నుంచి మాటొచ్చింది. ‘ఆ పిల్లని బెదిరించొద్దప్పా. నేను చెప్తా, రాసుకో. మా ఇంట్లో తెలుగే.’ ఎవురది? హంపమ్మ! గౌడప్ప నోరు తెరిచి, ‘ఏం హంపక్కా, నీకు తెలుగు యాడిది?’ అన్న్యాడు. ‘నీ కోడలి పుట్టిల్లు నీ గోడవతలే ఉంది గౌడా, ఏరు దాటాల్సిన పిల్ల బాద నీకేం తెలుస్తాది’ అనిందంట, అదీ తెలుగులోనే.

వాళ్లు పోయినాక వన్నూరమ్మకి ఎనుముతో చెప్పినవన్నీ ఒగటొగటే గుర్తుకొస్తాండాయి. అత్త కాళ్లకాడ కూచుని, నీకు తెలుగొచ్చా అత్తా అనింది. ‘పిల్లప్పుడు మా నాయనతో ఆదోని సంతలో తమలపాకులమ్మినా. రాకుండా ఎట్ల?’ ‘మరి ఇన్నాళ్లూ చెప్పలేదే?’ ‘చెప్పింటే నువ్వు నోరిప్పేదానివా? కొత్తగా వొచ్చిన పిల్లకి కడుపులోది కక్కుకునేదానికి ఒక చోటుండాల. నాకు అదీ లేకపోయె, మా అత్తకి పాము చెవులు. అందుకే ఇననట్ల కూచుంటి’ అని, ‘గద్ద అంటివి చూడు, దానికి మాత్రము రోజూ కాళ్లు పిసకాల నువ్వు’ అనింది. వన్నూరమ్మ ఏడస్తా నవ్వింది, నవ్వుతా ఏడిసింది.

ఇంత జేస్తే ఊరు కన్నడమోళ్లకే పోయింది. ఒక్కింటి మాట ఎవురింటారు? ఆ కబురొచ్చిన మర్నాడే హంపమ్మ రొట్టెలు మూట గట్టి, పద పాపా, కంప యాడ నాటినారో చూద్దామని కోడల్ని బయలుదేరదీసింది. ఇద్దరూ ఇసకలో నడిసి ఏరు దాటినారు. కంపా లేదు, పోలీసూ లేడు, ఒకడు గొర్రెలు మేపుకుంటా ఉన్న్యాడంతే. కొండ్లపల్లెలో వియ్యపురాలు చేతులతో తడిమి, ఎవురమ్మా నువ్వు అంటే, ‘నీ బిడ్డకి ఇంగో అమ్మని’ అనిందంట హంపమ్మ. ఇంగ ముసిలోళ్లిద్దరూ ఆకూవక్కా ముందేసుకుని మాటలు మొదలుపెట్టినారు చూడూ! ఇంటికి పోదాం రా అత్తా అని కోడలు పిలిస్తే, ‘గొత్తిల్ల’ అని మొగం తిప్పుకునిందంట.

ఏంజేస్తాం, గీతలు గీసేవోళ్లు గీస్తారు, నడిసేవోళ్లు నడుస్తారు. మా హగరికి సర్కారు ఎప్పుడూ అడ్డం రాలేదప్పా. వానొస్తే అడ్డం. ఆ వాన యాడొస్తాది మా పక్క?